మూడు మీటర్ల ఆప్టికల్ కేబుల్, పదిహేనేళ్ల హోమ్ థియేటర్

మా హాల్లో అయిదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్ నాలుగేళ్లపాటు నోరు మెదపకుండా ఉండిపోయాయి. వాటిని మళ్లీ పలికించింది విజయవాడ గవర్నర్‌పేటలో 380 రూపాయలకు కొన్న ఆప్టికల్ కేబుల్. ఈ సమీక్ష ఆ కేబుల్ గురించే. అయితే దాన్ని తెచ్చి గుచ్చినంత మాత్రాన పని అయిపోదు. అటు టీవీకి, ఇటు రిసీవరుకు, అంటే ధ్వనిని అందుకుని స్పీకర్లకు పంచే పెట్టెకు, చెప్పవలసినవి కొన్ని ఉన్నాయి. అవి చెప్పకపోతే అయిదు స్పీకర్లలో రెండే మోగుతాయి. ఆ సంగతి తెలుసుకోవడానికి నాకు మూడు సాయంత్రాలు పట్టింది. పాత హోమ్ థియేటర్‌ను అటక ఎక్కించడానికో, పాత సామాన్లు కొనేవాళ్లకు వేయడానికో సిద్ధపడినవారు ఇది చదివి ఒక్క వారం ఆగాలని నా కోరిక.

మాది గుంటూరు, బ్రాడీపేట. జూనియర్ కాలేజీలో భౌతికశాస్త్రం చెబుతాను. ఆ సెట్టును మావారు 2009 దీపావళికి విజయవాడ బీసెంట్ రోడ్డులో కొన్నారు. రిసీవరు ఒక పెట్టె, చిన్న స్పీకర్లన్నీ ఒక పెట్టె, సబ్‌వూఫర్ ఇంకో పెట్టె. మూడింటినీ ఆటోలో బస్టాండుకు చేర్చి, గుంటూరు బస్సులో రిసీవరును ఒళ్లో పెట్టుకుని ఇంటికి తెచ్చారు. ఆ రాత్రి డీవీడీ వేసి చూస్తుంటే మేడ మీద వాటాలోని వాళ్లు కూడా దిగివచ్చి చాపల మీద కూర్చున్నారు. మా అబ్బాయికి అప్పుడు ఎనిమిదేళ్లు. శబ్దం ఏ స్పీకరులోంచి వస్తోందో వెతుక్కుంటూ హాలంతా తిరిగాడు.

2021లో టీవీ మార్చాం. పాత టీవీకి వెనక ఎరుపు, తెలుపు సాకెట్లు ఉండేవి. హోమ్ థియేటర్ వాటితోనే కలిసి ఉండేది. కొత్త టీవీకి అవి లేవు. గోడకు బిగించడానికి షోరూము నుంచి వచ్చిన అబ్బాయి రిసీవరు వంక ఒకసారి చూసి, "ఇది పాతది మేడమ్, ఈ టీవీకి పనికిరాదు. సౌండ్‌బార్ తీసుకోండి" అన్నాడు. టీవీ వెనక ఏయే పోర్టులు ఉన్నాయో, రిసీవరు వెనక ఏమున్నాయో అతను చూడలేదు. చూడకుండా చెప్పిన ఆ ఒక్క మాట వల్ల నాలుగేళ్లు పోయాయి. ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. కొత్తది అమ్ముకోవడం తప్పు కాదు. పనిచేసే వస్తువును పనికిరాదని చెప్పడం తప్పు.

సౌండ్‌బార్ కొనలేదు. ఆ డబ్బు అప్పుడు లేదు. టీవీ స్పీకర్లతోనే సరిపెట్టుకున్నాం. ఇబ్బంది పడింది మా అత్తయ్య. ఆమెకు ఎనభై ఒకటి. వినికిడి కొంచెం తగ్గింది. ఇప్పటి టీవీలు పలచగా ఉండటంతో స్పీకర్లు చాలావాటికి అడుగునో వెనకనో ఉంటాయి. మాట ముందు గోడకో నేలకో తగిలి, తర్వాత మన చెవికి వస్తుంది. పైగా ఆరు చానళ్ల (ఒక్కో స్పీకరుకు ఒక్కో చానల్) ధ్వనిని రెండింటిలోకి కుదించినప్పుడు మాటలు, వాన, వాహనాలు, వెనక సంగీతం అన్నీ ఒకే చోట పడతాయి. "ఏమన్నాడమ్మాయ్?" అని అత్తయ్య అడిగేది. శబ్దం పెంచితే మాటతో పాటు సంగీతమూ పెరిగేది. కొన్నాళ్లకు అడగడం మానేసింది. టీవీ ముందు కూర్చుని బొమ్మలు చూస్తూ ఉండేది. అడగడం మానేసిన రోజునే నేను గమనించి ఉండవలసింది.

ఈ ఏడాది సంక్రాంతికి ముందు గోడలకు రంగులు వేయించాం. అందుకోసం టీవీని గోడ మీద నుంచి దించారు. నాలుగేళ్లలో దాని వెనక భాగం చూడటం నాకు అదే మొదటిసారి. బొమ్మా ధ్వనీ ఒకే తీగలో పోయే హెచ్‌డీఎంఐ పోర్టుల పక్కన చిన్న చదరపు రంధ్రం, దానికి రెప్పలాంటి మూత ఉన్నాయి. పక్కన డిజిటల్ ఆడియో అవుట్ అని రాసి ఉంది. టీవీ వేసి ఆ రెప్పను పెన్ను మొనతో నెట్టి, తెల్ల కాగితం అడ్డం పెట్టాను. కాగితం మీద ఎర్రటి చుక్క పడింది. రిసీవరు మీద కప్పిన గుడ్డ తీసి దాని వెనక వెతికితే అలాంటి పోర్టులే రెండు కనిపించాయి. 2009లో పెట్టిన నల్లటి ప్లాస్టిక్ బిరడాలు వాటికి ఇంకా అలాగే ఉన్నాయి. ఇన్నేళ్లూ దారి అక్కడే ఉంది. వేయవలసిన తీగ ఒక్కటే లేదు.

ఆ పోర్టుకు టాస్‌లింక్ అని పేరు. తోషిబా కంపెనీ సీడీ ప్లేయర్లను రిసీవర్లకు కలపడానికి 1983లో తెచ్చింది. లోపల పోయేది విద్యుత్తు కాదు, వెలుగు. సుమారు 650 నానోమీటర్ల ఎర్రటి వెలుగు, ఒక మిల్లీమీటరు మందం ఉన్న ప్లాస్టిక్ పోగు లోపల గోడలకు తగిలి తగిలి పరావర్తనం చెందుతూ అవతలి చివరకు చేరుతుంది. సంపూర్ణాంతర పరావర్తనం, సందిగ్ధ కోణం, దృశా తంతువులు అంటూ నేను ప్రతి ఏడాదీ నల్లబల్ల మీద బొమ్మ గీసి చెప్పే పాఠం అది. పాఠంలోని వస్తువు మా ఇంట్లో గోడకు ఆనుకుని ఉందని తెలిసినప్పుడు కలిగిన సంతోషాన్ని మరునాడు తరగతిలో పిల్లలతో పంచుకున్నాను.

కేబుల్ విజయవాడలో కొనడానికి కారణం వేరే ఏమీ కాదు, ఆ శనివారం అక్కడ పెళ్లికి వెళ్లాం. భోజనాలయ్యాక గవర్నర్‌పేటలో తీగలు, ప్లగ్గులు అమ్మే చిన్న దుకాణానికి వెళ్లాను. కొట్లో ఉన్న పెద్దాయన నేను అడగ్గానే కేబుల్ తీయలేదు. "టీవీ నుంచి రిసీవరు దాకా కొలుచుకుని వచ్చారా అమ్మా?" అని అడిగారు. పురికొసతో కొలిచి ముడి వేసి తెచ్చాను, సంచిలోంచి తీసి చూపించాను. ఆయన దాన్ని కేబుల్ పక్కన పెట్టి, మీటరున్నరది చాలదు, రెండు మీటర్లది బిగుతుగా ఉంటుంది, మూడు మీటర్లది తీసుకోండి అన్నారు. ఈ కేబుల్‌ను మామూలు తీగలా మడత పెట్టకూడదు, మూల దగ్గర గుండ్రంగా తిప్పాలి, లోపలి పోగు విరిగితే అతకలేం అని చెప్పారు. బంగారు పూత ప్లగ్గు ఉన్న కేబుల్ 1,200 రూపాయలకు ఉంది. అది మంచిదా అని అడిగితే, "వెలుగుకు బంగారంతో పనేముందమ్మా" అన్నారు. నిజమే. బంగారు పూత తుప్పు పట్టకుండా విద్యుత్తు పారడానికి పనికొస్తుంది. ఇక్కడ ప్లగ్గు చేసే పని పోగును కదలకుండా పట్టుకోవడమే. ఎక్కువ ధరది అమ్మగలిగి కూడా అమ్మని ఆ పెద్దాయన మీద నాకు గౌరవం కలిగింది.

కేబుల్ సంగతి చెప్తాను. దాని మీద ఉన్న పేరు నేను ఎప్పుడూ వినని పేరు. పైన నల్లటి రబ్బరు తొడుగు, కొంచెం మందంగానే ఉంది. రెండు చివర్లా పారదర్శకంగా ఉండే చిన్న టోపీలు ఉంటాయి. గుచ్చే ముందు వాటిని తీసేయాలి. అవి కంటికి ఆనవు కాబట్టి తీయకుండా బలవంతంగా నెట్టి పోర్టు పాడుచేసుకుంటారని పెద్దాయన చెప్పారు. ప్లగ్గుకు ఒక వైపు మూలలు కోసినట్టు ఉంటాయి, సరైన వైపు తిప్పితే టక్కుమని కూర్చుంటుంది. ఆరు నెలలుగా ఒక్కసారి కూడా శబ్దం తెగిపోలేదు. ఇంకో సుఖం కూడా ఉంది. పాత ఎరుపు, తెలుపు తీగలతో ఉన్నప్పుడు స్పీకర్లలో ఎప్పుడూ సన్నగా గుయ్‌మనే రొద వినిపించేది. టీవీకీ రిసీవరుకూ మధ్య విద్యుత్ సంబంధం లేకపోవడంతో అది పూర్తిగా పోయింది. 380 రూపాయలకు ఇంతకంటే ఏమీ కోరను.

మొదటి సాయంత్రం మాత్రం నిరాశే మిగిలింది. కేబుల్ గుచ్చాం, రిసీవరులో ఆ పోర్టు పక్కన రాసి ఉన్న పేరునే రిమోట్‌లో ఎంచుకున్నాం. శబ్దం వచ్చింది. కానీ ముందున్న రెండు స్పీకర్లలో, సబ్‌వూఫర్‌లో మాత్రమే. టీవీ కింద మధ్యలో ఉండే సెంటర్ స్పీకరు, వెనకవి రెండూ పలకలేదు. రిసీవరు ముఖం మీద పీసీఎం అని వెలుగుతోంది. మావారు స్పీకర్లే పోయాయేమో అన్నారు. నేను ఆ మూడక్షరాల దగ్గరే ఆగిపోయాను.

సమస్యంతా అందులోనే ఉంది. ఆప్టికల్ దారి ఇరుకైనది. కుదించని ధ్వనిని అంటే పీసీఎంను పంపితే రెండు చానళ్లే పడతాయి. ఆరు చానళ్లూ పోవాలంటే డాల్బీ డిజిటల్‌గానో డీటీఎస్‌గానో కుదించి పంపాలి. మా గుంటూరు మిర్చి యార్డులో చూసేవారికి ఇది సులువుగా తెలుస్తుంది. కల్లంలో ఆరబోసిన కాయ విడిగా ఎంత స్థలం తింటుంది, అదే కాయను తొక్కి టిక్కీ (బస్తా) కడితే ఎంతలోకి వస్తుంది! టిక్కీ విప్పి మళ్లీ కాయగా ఆరబోసే పని రిసీవరుది. 2009 నాటి మా రిసీవరుకు ఆ పని బాగా వచ్చు, డీవీడీల కోసం అది చేసింది అదే. టీవీ టిక్కీ కట్టకుండా కాయను విడిగా పంపుతుంటే అది మాత్రం ఏం చేస్తుంది?

టీవీ సెట్టింగుల్లో ధ్వని విభాగంలోకి వెళ్లి, డిజిటల్ ధ్వని అవుట్‌పుట్ ఎక్కడుందో వెతికాను. అది పీసీఎం మీద ఉంది. ఆటో అని మారిస్తే మా టీవీలో ఏ తేడా రాలేదు. డాల్బీ డిజిటల్ అని ఎంచుకోగానే రిసీవరు ముఖం మీద ఒక చిన్న టిక్కు వినిపించి, స్పీకర్ల గుర్తులు అయిదూ వరసగా వెలిగాయి. ఓటీటీ యాప్‌లు పంపేది ఎక్కువగా డాల్బీ డిజిటల్ ప్లస్. అది ఈ దారిలో పట్టదు, పాత రిసీవరుకు అర్థమూ కాదు. టీవీయే దాన్ని మామూలు డాల్బీ డిజిటల్‌గా మార్చి పంపాలి. మా టీవీ ఆ పని చేస్తోంది. ఒక్కో టీవీలో ఈ సెట్టింగుకు ఒక్కో పేరు ఉంటుంది, కొన్నిట్లో రెండు మూడు తెరలు లోపలికి వెళ్లాలి. ఓపికగా వెతకండి. ఇంకో మాట, మీరు చూస్తున్న సినిమాకు అసలు 5.1 ధ్వని, అంటే అయిదు స్పీకర్లకూ ఒక సబ్‌వూఫర్‌కూ విడివిడిగా ధ్వని, ఉండాలి. యాప్‌లో భాషతో పాటు 5.1 అని ఉన్నది ఎంచుకోండి. తెలుగు ధ్వని రెండు చానళ్లలోనే ఇచ్చి వేరే భాషకు మాత్రం 5.1 ఇచ్చిన సినిమాలు కూడా నాకు ఎదురయ్యాయి. అప్పుడు బాధ కలుగుతుంది.

రెండో సాయంత్రం స్పీకర్ల సంగతి చూశాం. రిసీవరులో పరీక్ష కోసం హోరు లాంటి శబ్దం ఒకటి ఉంటుంది. అది ఒక్కో స్పీకరులో రెండు క్షణాలు మోగుతూ గదిని చుట్టి వస్తుంది. ఎడమ వెనక స్పీకరు దగ్గర అది మాయమైంది. సోఫా వెనక తీగను ఎలుక కొరికేసింది. అరండల్‌పేటలో కొత్త తీగ కొని రెండు వెనక స్పీకర్లకూ మార్చాం. ఎరుపు ఎరుపుకే, నలుపు నలుపుకే పోవాలి. ఒక్కదానికే తారుమారైతే రెండు స్పీకర్లూ ఒకదాని ధ్వనిని ఒకటి తినేస్తాయి.

ఇంతకుముందు వెనక స్పీకర్లను హాలు చివరి మూలల్లో, పైకప్పుకు దగ్గరగా పెట్టాం. అది తప్పని ఇప్పుడే తెలిసింది. 5.1కు ముందు స్పీకర్లు మధ్య గీతకు అటూ ఇటూ 30 డిగ్రీలలో, చుట్టూ వినిపించేవి సుమారు 110 డిగ్రీలలో ఉండాలి. అంటే నేరుగా వీపు వెనక కాదు, భుజాలకు కాస్త వెనకగా. పిల్లల కోణమానిని, ఆ పురికొస రెండూ పట్టుకుని అత్తయ్య కుర్చీ మధ్య బిందువుగా కొలిచి పెట్టాం. ఒక్కో స్పీకరు ఎంత దూరంలో ఉందో రిసీవరుకు చెప్పాలి. ధ్వని ఒక మీటరు నడవడానికి దాదాపు మూడు మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి, దగ్గరున్న స్పీకరును రిసీవరు ఆ మేరకు ఆపి పలికిస్తుంది. చివరగా సెంటర్ స్పీకరు స్థాయిని 3 డెసిబెల్స్ పెంచాను. సినిమాలో మాటలు ఎక్కువగా వచ్చేది ఆ ఒక్క స్పీకరులోంచే. సంగీతాన్ని ముట్టుకోకుండా మాటను మాత్రమే పైకి తేవడం టీవీ స్పీకర్లతో కాని పని. నా దృష్టిలో ఈ మొత్తం శ్రమకు అసలు ఫలం ఇదే. వెనక నుంచి వచ్చే హెలికాప్టరు కోసం కాదు.

మూడో సాయంత్రం పాత సినిమాలతో గడిచింది. అత్తయ్యకు నలుపు తెలుపు సినిమాలంటే ప్రాణం. అవి ఒకే చానల్ ధ్వనితో తీసినవి. వాటికి చుట్టూ వినిపించే ధ్వని ఎక్కడి నుంచి వస్తుంది? రాదు, రానక్కరలేదు కూడా. కానీ రిసీవరులో డాల్బీ ప్రో లాజిక్ 2 ఉంది. 2000లో వచ్చిన పద్ధతి అది. రెండు చానళ్ల ధ్వనిని పరిశీలించి, ఎడమలోనూ కుడిలోనూ ఒకేలా ఉన్నదాన్ని సెంటర్ స్పీకరుకు పంపుతుంది. పాత సినిమాలో రెండు వైపులా ఉన్నది ఒకటే ధ్వని కాబట్టి అంతా సెంటర్‌లోకి చేరుతుంది. మాట టీవీ కింది నుంచి నేరుగా కుర్చీ వైపు వచ్చింది. అత్తయ్య ముందుకు వంగి కూర్చునేది, ఆ రోజు వెనక్కి వాలింది. కాసేపటికి, తెర మీద ఆ పాత్ర అనబోయే మాటను ఈమె ముందే అనేసింది. ఆ సినిమా ఆమెకు కంఠతా వచ్చని ఇన్నేళ్ల కాపురంలో నాకు తెలియదు.

ఇక ఈ ఏర్పాటులో లేనివి, ఇబ్బందులు కూడా చెప్పాలి. టీవీ రిమోట్‌తో శబ్దం పెరగదు, తగ్గదు. ఆప్టికల్ దారిలో ధ్వని ఒకే స్థాయిలో పోతుంది. రిసీవరు రిమోట్‌నే వాడాలి. టీవీ స్పీకర్లను సెట్టింగుల్లో ఆపేయాలి, లేకపోతే ప్రతిధ్వని వస్తుంది. మొదట పెదవుల కంటే మాట ఒక వెంట్రుక ముందుగా వినిపించింది. బొమ్మకు మెరుగులు దిద్దడానికి టీవీ కొంత సమయం తీసుకుంటుంది, ధ్వని ఈలోగా వచ్చేస్తుంది. రిసీవరులో ధ్వనిని 60 మిల్లీసెకన్లు ఆలస్యం చేస్తే సరిపోయింది. పెన్‌డ్రైవ్‌లోని కొన్ని సినిమాలకు శబ్దమే రాలేదు. అవి డీటీఎస్‌లో ఉన్నాయి, మా టీవీ దాన్ని బయటకు పంపదు. సెట్‌టాప్ బాక్స్‌లోని చానళ్లు మాకు రెండు చానళ్ల ధ్వనితోనే వస్తున్నాయి, వాటికి ప్రో లాజిక్ వాడుతున్నాం. పైనుంచి కూడా వినిపించే డాల్బీ అట్మాస్ ధ్వని ఈ దారిలో రాదు. టీవీ నుంచి అది కావాలంటే, హెచ్‌డీఎంఐ తీగలోనే టీవీ ధ్వనిని అందుకునే ఏఆర్‌సీ గానీ ఈఏఆర్‌సీ గానీ ఉండి, అట్మాస్ తెలిసిన రిసీవరు కావాలి. ఏఆర్‌సీ 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో మొదలైంది. మీ సెట్టు ఆ తర్వాతిదైతే, హెచ్‌డీఎంఐ పోర్టు పక్కన ఏఆర్‌సీ అని ఉందేమో ముందు చూసుకోండి. ఉంటే ఆప్టికల్ కంటే అదే మేలు, ఒక్క రిమోట్‌తో పని జరుగుతుంది.

హైదరాబాదు నుంచి మా అబ్బాయి, "అమ్మా, బ్లూటూత్‌తో కలిపేయొచ్చు కదా" అన్నాడు. బ్లూటూత్‌లో సాధారణంగా రెండు చానళ్లే వస్తాయి, మాట ఆలస్యమవుతుంది కూడా. మా అన్నయ్యది విజయవాడ పటమట. వాళ్ల టీవీకి ఆప్టికల్ పోర్టే లేదు. వాళ్లకు హెచ్‌డీఎంఐ నుంచి ధ్వనిని విడదీసే చిన్న పెట్టె కొనిపించాను. టీవీకి గుచ్చే ఓటీటీ స్టిక్‌కూ టీవీకీ మధ్య దాన్ని పెడితే, బొమ్మ టీవీకి, ధ్వని ఆప్టికల్‌లో రిసీవరుకు పోతాయి. దాని మీద చిన్న మీట ఉంటుంది, అది 5.1 మీద ఉండాలి. స్టిక్ సెట్టింగుల్లో కూడా డాల్బీ డిజిటల్ అనే ఎంచుకోవాలి, ప్లస్ కాదు. మీ రిసీవరుకు ఆప్టికల్ గానీ, ఒకే రాగి తీగలో డిజిటల్ ధ్వనిని తీసుకునే కొయాక్సియల్ గానీ ఏ డిజిటల్ పోర్టూ లేకపోతే, టీవీ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి ఎరుపు, తెలుపు తీగ వేసి ప్రో లాజిక్ పెట్టుకోండి. అసలైన 5.1 రాదు కానీ మాట మాత్రం సెంటర్ స్పీకరులోకి వస్తుంది.

రెండు రిమోట్లు అత్తయ్యకు కష్టమయ్యాయి. రిసీవరు రిమోట్‌లో నలభై పైగా బటన్లు, వాటి మీది అక్షరాలు ఆమెకు కనిపించవు. శబ్దం పెంచే బటన్ మీద ఎర్ర బొట్టుబిళ్ల, తగ్గించే దాని మీద ఆకుపచ్చది అంటించాను. చెమటకు పది రోజులకోసారి ఊడిపోతాయి. ఇప్పుడు ఆమే నా డ్రస్సింగ్ టేబుల్ దగ్గరికి వెళ్లి, అట్ట మీది నుంచి కొత్తవి తీసి అంటించుకుంటోంది.